ధూళి చాటున చీలిన నక్షత్రం

2018 జూన్‌లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన పత్రం వెలువడింది. దాని రచయితలు 26 సంస్థలకు చెందిన 36 మంది. ఫిన్లండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయం నుంచి సెప్పో మట్టిలా, స్పెయిన్‌లో గ్రనడా నగరంలోని అండలూసియా ఖగోళభౌతిక సంస్థ నుంచి మిగెల్ పెరెజ్-టోరెస్ ఈ పనిని ముందుండి నడిపించారు. ఆర్ప్ 299 అనే గెలాక్సీల జంటలో ఒకదాని నడిబొడ్డున ఉన్న భారీ కృష్ణబిలం దారిన పోయే ఒక నక్షత్రాన్ని చీల్చేసింది. ఆ నక్షత్ర పదార్థంలో కొంత లోపలికి పోయింది, కొంత సన్నని ధారగా బయటికి ఎగజిమ్మింది. ఆ ధార ఏటేటా పొడవు పెరగడాన్ని భూమ్మీది రేడియో టెలిస్కోపులు దాదాపు పదేళ్ల పాటు కొలిచాయి. అప్పుడు పత్రికల్లో వచ్చిన వార్త సారాంశం ఇంతే.

ఈ వార్త వెనకున్న పనితనం గురించి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. ఆ నక్షత్రం చీలినప్పటి వెలుగు మొదట కనిపించింది 2005 జనవరి 30న. అదేమిటో తేల్చి చెప్పింది 2018లో. మధ్యలో పదమూడేళ్లు. ఆ పదమూడేళ్లలో వాళ్లు పోగుచేసిన ఆధారాలను ఒక్కోటిగా చూస్తే ప్రతిదానికీ ఇంకో సంజాయిషీ చెప్పొచ్చు. అన్నిటినీ కలిపి బిగించిన తీరులోనే ఈ పత్రం గొప్పతనం ఉంది.

ముందుగా నక్షత్రం చీలడం అంటే ఏమిటో చూద్దాం. కృష్ణబిలం దాన్ని పళ్లతో కొరకదు. చంద్రుడి ఆకర్షణ భూమికి దగ్గరి వైపున ఎక్కువ, అవతలి వైపున తక్కువ. ఆ తేడా వల్లే సముద్రంలో ఆటుపోట్లు వస్తాయి. నక్షత్రం కృష్ణబిలానికి మరీ దగ్గరగా వెళితే ఇదే తేడా విపరీతంగా పెరుగుతుంది. తన పదార్థాన్ని తానే పట్టి ఉంచుకునే నక్షత్రపు ఆకర్షణ ఒక హద్దు దాటాక ఓడిపోతుంది. ఆ హద్దు ఎంత దూరంలో ఉంటుందో లెక్కగట్టడం కష్టం కాదు. కృష్ణబిలం బరువు నక్షత్రం బరువుకు ఎన్ని రెట్లో చూసి, దాని ఘనమూలం తీసి, నక్షత్రపు వ్యాసార్ధంతో గుణిస్తే చాలు. ఆర్ప్ 299లోని కృష్ణబిలం బరువు సుమారు 2 కోట్ల సూర్యులంత. 2 కోట్లకు ఘనమూలం 270 దగ్గర వస్తుంది. సూర్యుడి వ్యాసార్ధం 7 లక్షల కిలోమీటర్లు. కాబట్టి సూర్యుడి లాంటి నక్షత్రం అయితే సుమారు 19 కోట్ల కిలోమీటర్ల దూరంలో చీలిపోతుంది. సూర్యుడికీ మనకూ ఉన్న దూరం 15 కోట్ల కిలోమీటర్లు. ఇక కృష్ణబిలం నుంచి కాంతి కూడా తప్పించుకోలేని అసలు సరిహద్దు ఇక్కడ 6 కోట్ల కిలోమీటర్లే. అంటే చీలడం ఆ సరిహద్దుకు బాగా బయటే జరుగుతుంది. అందుకే అది మన కంటబడే అవకాశం ఉంది.

కృష్ణబిలం పది కోట్ల సూర్యులంత బరువుంటే లెక్క మారిపోతుంది. చీలే హద్దు 32 కోట్ల కిలోమీటర్లకు, తిరిగిరాని సరిహద్దు 30 కోట్లకు చేరి దాదాపు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఆపైన ఎంత పెద్ద కృష్ణబిలమైతే అంత నిశ్శబ్దంగా, సూర్యుడి లాంటి నక్షత్రాలను గుండుగుత్తగా మింగేస్తుంది. బయటికి వెలుగు రాదు. నక్షత్రాన్ని చీల్చి ఆ సంగతి లోకానికి చాటేవి ఓ మోస్తరు కృష్ణబిలాలే.

చీలిన నక్షత్రంలో దాదాపు సగం కృష్ణబిలం పట్టు తప్పించుకుని శూన్యంలోకి పోతుంది. మిగతా సగం సాగిన కక్ష్యల్లో తిరిగి తిరిగి వెనక్కి వచ్చి పడుతుంది. ఈ చిత్రాన్ని 1988లో ఖగోళభౌతిక శాస్త్రవేత్త మార్టిన్ రీస్ గీశారు. పదార్థం వెనక్కి వచ్చే జోరు ఎలా తగ్గాలో కూడా సిద్ధాంతం చెబుతుంది. గడిచిన కాలం ఎనిమిది రెట్లయితే వచ్చే పదార్థం ముప్ఫై రెండో వంతుకు పడిపోవాలి. ముందు చటుక్కున వెలిగి, ఆపైన నెలల తరబడి, ఏళ్ల తరబడి ఈ కొలతలో చల్లారే వెలుగు కోసం అప్పటి నుంచీ వెతుకులాట సాగుతోంది. 1990లలో రోసాట్ ఎక్స్‌రే ఉపగ్రహం చూసిన కొన్ని మెరుపులు ఈ కోవకు చెందినవేనని తేలింది.

ఈ ఆలోచన అసలు మొదలైందే చురుకైన గెలాక్సీలను అర్థం చేసుకోవడానికి. క్వాసార్లు, సీఫర్ట్‌లు అనే చురుకైన గెలాక్సీలకు అంత వెలుగు ఎక్కడిదన్న ప్రశ్నకు, 1975లో ఖగోళ శాస్త్రవేత్త జాక్ హిల్స్, కృష్ణబిలాలు నక్షత్రాలను చీల్చి తినడమే కారణం కావచ్చన్నారు. ఆ జవాబు నిలవలేదు. ఆ గెలాక్సీల రోజువారీ తిండి వాయువేనని తర్వాత స్థిరపడింది. విచిత్రంగా, ఏ గెలాక్సీల కోసం ఆ ఊహ పుట్టిందో వాటిలోనే నక్షత్రం చీలడాన్ని నిరూపించడం అన్నిటికన్నా కష్టమైంది. నిద్రపోతున్న గెలాక్సీ నడిమధ్య ఉన్నట్టుండి వెలుగు వస్తే, కొత్తగా ఏదో జరిగిందని ఎవరైనా ఒప్పుకుంటారు. చురుకైన గెలాక్సీలో కృష్ణబిలం చుట్టూ వేడి వాయువు ముందే గిరగిరా తిరుగుతుంటుంది. అది పెరుగుతుంది, తగ్గుతుంది, ఒక్కోసారి భగ్గుమంటుంది. అందువల్ల ఇలాంటి వేటలో చాలామంది చురుకైన గెలాక్సీలను ముందే జాబితా నుంచి తీసేస్తారు. మట్టిలా బృందం చేతిలో పడింది సరిగ్గా అలా తీసేయదగ్గ చోటే.

ఆర్ప్ 299 సప్తర్షి మండలం దిక్కున సుమారు 15 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 1966లో హాల్టన్ ఆర్ప్ వింత ఆకారాల గెలాక్సీలతో ఒక అట్లాస్ వేశారు. అందులో ఇది 299వది. రెండు గెలాక్సీలు ఢీకొని ఒకదానిలోకి ఒకటి కలిసిపోతున్నాయి. ఆ తాకిడికి వాయువు నలిగి నక్షత్రాలు కుప్పలుతెప్పలుగా పుడుతున్నాయి. బరువైన నక్షత్రాలకు ఆయుష్షు తక్కువ, కాబట్టి పుట్టినంత వేగంగా సూపర్‌నోవాలుగా పేలి చస్తున్నాయి. ఈ జంటలో ‘ఎ’ అనే కేంద్రం చుట్టూ రేడియో టెలిస్కోపులకు ఇరవైకి పైగా చుక్కలు కనిపించాయి. అవి చాలావరకు సూపర్‌నోవాలూ, వాటి శకలాలూ. ‘బి’ అనే రెండో కేంద్రంలో మాత్రం దట్టమైన వాయువు, ధూళి వెనక ఒక చురుకైన కృష్ణబిలం దాగి ఉందని ఎక్స్‌రేలు చెప్పాయి. నూస్టార్ ఉపగ్రహం తీసిన హై ఎనర్జీ ఎక్స్‌రే చిత్రాలు దీన్ని బలంగా నిర్ధారించాయి.

మట్టిలా, ఆయన సహచరులు ఆర్ప్ 299ను చూస్తున్నది సూపర్‌నోవాల కోసమే. ఇలాంటి మురికి గెలాక్సీల్లో పేలే నక్షత్రాల్లో చాలా భాగం మామూలు కాంతిలో దొరకవన్నది వాళ్ల అనుమానం. అందుకే పరారుణ కాంతిలో వెతికారు. ధూళి రేణువులు మామూలు కాంతిని మింగినంతగా పరారుణాన్ని మింగలేవు. కానరీ దీవుల్లో లా పాల్మా కొండ మీద ఉన్న విలియం హెర్షెల్ టెలిస్కోపుకు 4.2 మీటర్ల అద్దం ఉంది. దానితో 2005 జనవరి 30 రాత్రి తీసిన చిత్రంలో ‘బి’ కేంద్రం దగ్గర ఒక కొత్త వెలుగు తేలింది. పాత చిత్రాల్లో అది లేదు. ముందు అందరూ సూపర్‌నోవానే అనుకున్నారు. వెతుకుతున్నదీ అదే, ఉన్న చోటూ సూపర్‌నోవాల పుట్టిల్లే. అనుకోకపోతేనే ఆశ్చర్యం.

ఆ వెలుగు తొందరగా తగ్గలేదు. సూపర్‌నోవా అయితే నెలల్లో నీరసించాలి. ఇది ఏళ్ల తరబడి పరారుణంలో వెలుగుతూనే ఉంది. మామూలు కాంతిలో మాత్రం దాని జాడ లేదు, ఎక్స్‌రేల్లోనూ లేదు. పక్కనే ఉన్న నార్డిక్ టెలిస్కోపు, అంతరిక్షంలోని స్పిట్జర్, హబుల్ కూడా ఈ కేంద్రాన్ని చూశాయి. పరారుణంలో వేర్వేరు తరంగదైర్ఘ్యాల దగ్గర కొలతలు తీసుకుంటే, సుమారు వెయ్యి కెల్విన్ల దగ్గర వేడెక్కిన ధూళి నుంచి వచ్చే కాంతి లక్షణాలు కనిపించాయి. అసలు మెరుపు అతినీలలోహితంలో, ఎక్స్‌రేల్లో పుట్టి ఉండాలి. చుట్టూ ఉన్న ధూళి దాన్నంతా పీల్చుకుని, వేడెక్కి, పరారుణంగా తిరిగి ఇచ్చింది. మనం చూసింది మంటను కాదు, ఆ మంటకు కాలిన గోడల వేడిని.

ఇక్కడ వాళ్లు చేసిన పని కూడిక. ఏళ్ల తరబడి వచ్చిన పరారుణ శక్తినంతా కూడి మొత్తం తేల్చారు. సూర్యుడు తన వెయ్యి కోట్ల సంవత్సరాల జీవితమంతా వెదజల్లే శక్తికి అది పది రెట్లకు పైనే. మామూలు సూపర్‌నోవా వెలుగు రూపంలో ఇచ్చేదానికి వెయ్యి రెట్లకు పైమాటే. పైగా ఇది కనీసపు లెక్క, ధూళికి చిక్కకుండా తప్పించుకున్న వెలుగు ఇందులో లేదు. ఈ ఒక్క కూడికతో సూపర్‌నోవా అనే మాట పక్కకు పోయింది. ఇది చేయడానికి కొత్త పరికరం ఏదీ అక్కర్లేదు. ఏటా అదే చోటికి తిరిగి వెళ్లి, అదే మచ్చను అదే జాగ్రత్తతో కొలవాలంతే. అయితే ప్రతి రాత్రికీ టెలిస్కోపు సమయం కోసం అర్జీ పెట్టుకోవాలి. దాన్ని పరిశీలించే కమిటీలు సాధారణంగా కొత్తదనం అడుగుతాయి. ‘గత ఏడాది చూసినదాన్నే మళ్లీ చూస్తాం’ అని ఏళ్ల తరబడి ఒప్పించడం వెనక ఎంత ఓర్పు ఉండాలో ఆ రంగంలో పనిచేసేవాళ్లకు తెలుసు.

సూపర్‌నోవా కాదని తేలితే నక్షత్రం చీలిందని తేలినట్టు కాదు. అక్కడున్న చురుకైన కృష్ణబిలం తన మామూలు తిండి కాస్త ఎక్కువ తిని భగ్గుమని ఉండొచ్చు. ఆ అనుమానం తీర్చింది రేడియో.

2005 జూలై 17న అమెరికాలోని వీఎల్‌బీఏ అనే రేడియో టెలిస్కోపుల వ్యవస్థ అదే చోట ఒక కొత్త రేడియో చుక్కను పట్టింది. ఒక్కోటి 25 మీటర్ల వ్యాసం ఉన్న దాని పది డిష్‌లు, హవాయి నుంచి కరీబియన్‌లోని సెయింట్ క్రోయీ దీవి దాకా, ఎనిమిది వేల కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉంటాయి. అన్నీ ఒకే క్షణంలో ఒకే వైపు చూస్తాయి. ఏ డిష్‌కు ఏ తరంగం ఎప్పుడు తాకిందో అక్కడి అణు గడియారంతో ముద్రవేసి రికార్డు చేస్తారు. తర్వాత ఆ రికార్డులన్నీ ఒక చోట చేర్చి, ఒకదానితో ఒకటి సరిపెడితే, వాటి మధ్య దూరమంత పెద్ద డిష్‌తో చూసినంత సూక్ష్మత వస్తుంది. యూరప్‌లోనూ ఇలాంటి వ్యవస్థే ఉంది. అక్కడి డేటాను నెదర్లాండ్స్‌లోని డ్వింగెలోలో కలుపుతారు. రెండూ వంతులవారీగా ఆర్ప్ 299 మీద కన్నేసి ఉంచాయి.

మొదట్లో అది చుక్కే. 2011 తర్వాతి చిత్రాల్లో అది ఒక వైపుకు సాగిన గీతలా విడివడింది. అన్ని దిక్కులకూ ఉబ్బలేదు, ఒకే దిక్కుకు పొడవు పెరిగింది. సూపర్‌నోవా శకలం అలా పెరగదు. ధార ఒక్కటే అలా పెరుగుతుంది. దాని సగటు వేగం కాంతి వేగంలో పావు వంతు. వినడానికి పెద్ద వేగమే. 15 కోట్ల కాంతి సంవత్సరాల అవతల నుంచి చూస్తే మాత్రం, పదేళ్లలో అది ఆకాశంలో కదిలినట్టు కనిపించేది ఒకట్రెండు మిల్లీ ఆర్క్‌సెకండ్లు. ఒక డిగ్రీలో అలాంటివి 36 లక్షలు ఉంటాయి. ఇంత చిన్న కదలికను వేర్వేరు సంవత్సరాల్లో, వేర్వేరు డిష్‌ల కూర్పుతో, వేర్వేరు ఫ్రీక్వెన్సీల దగ్గర తీసిన చిత్రాల మధ్య కొలవాలి. ఒక చిత్రాన్ని ఇంకోదానిమీద పేర్చేటప్పుడు వెంట్రుకవాసి తేడా వచ్చినా ధార పరుగెత్తినట్టో, ఆగినట్టో కనిపిస్తుంది. ఈ పేర్పు మీదే మొత్తం వాదన ఆధారపడి ఉంది. అది నిలిచింది.

ఇక ఈ పత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం కోణాల లెక్క.

చురుకైన కృష్ణబిలం చుట్టూ వాయువు పళ్లెంలా తిరుగుతుంటే, దాని బయట దట్టమైన ధూళి వలయం ఒకటి గారె ఆకారంలో ఉంటుంది. గారెను పైనుంచి చూస్తే మధ్య చిల్లు కనిపిస్తుంది, పక్కనుంచి చూస్తే కనబడదు. ఆర్ప్ 299 ‘బి’ కేంద్రాన్ని మనం పక్కనుంచే చూస్తున్నాం. ఎక్స్‌రేలు అంత దట్టమైన పొరల వెనక నుంచి రావడానికీ, కృష్ణబిలం నేరుగా కనబడకపోవడానికీ కారణం అదే. కృష్ణబిలం తన మామూలు తిండి తిని ధార చిమ్మితే, ఆ ధార చిల్లులోంచి, వలయానికి నిటారుగా రావాలి. మనం వలయాన్ని పక్కనుంచి చూస్తున్నాం కాబట్టి అలాంటి ధార మన చూపుకు దాదాపు అడ్డంగా పోవాలి. కానీ కొత్త ధార కదిలిన తీరు నుంచీ వెలిగిన తీరు నుంచీ లెక్కగడితే, అది మన చూపు రేఖకు 25 నుంచి 35 డిగ్రీల కోణంలో, దాదాపు మనవైపు వస్తోంది.

రెండూ పొసగవు. ఆ పొసగకపోవడమే రుజువు. పాత వాయువు, పాత పళ్లెం, పాత ధూళి వలయం అన్నీ ఒకే తీరులో అమరి ఉంటాయి. దారిన వచ్చే నక్షత్రానికి ఆ అమరికతో పని లేదు. అది ఏ దిక్కు నుంచైనా రావచ్చు. దాని శిథిలాలు ఏ తలంలోనైనా చుట్టుకోవచ్చు. వాటి నుంచి పుట్టే ధార వలయాన్ని లెక్కచేయకుండా ఎటైనా పోవచ్చు. చురుకైన గెలాక్సీలో ఇలాంటి ఘటనను నిరూపించడం కష్టమని ఇందాక అనుకున్నాం. ఇక్కడ ఆ చురుకుదనమే సాక్ష్యం పలికింది. ‘బి’ కేంద్రం ప్రశాంతమైన గెలాక్సీది అయి ఉంటే, చుట్టూ పక్కగా నిలబడిన ధూళి వలయం లేకపోతే, ధార వాలును దేనితో పోల్చేవాళ్లం? దోషమనుకున్నదాన్ని కొలబద్దగా మార్చుకోవడం మామూలు నేర్పు కాదు.

నక్షత్రాలను చీల్చిన కృష్ణబిలాలు ధారలు చిమ్మగలవని అంతకుముందే తెలుసు. 2011 మార్చిలో స్విఫ్ట్ ఉపగ్రహం జే1644+57 అనే మెరుపును పట్టింది. దాని ధార సూటిగా మనవైపే గురిపెట్టి ఉంది, దూరం కూడా చాలా ఎక్కువ. అందువల్ల దాని పొడవు పెరగడాన్ని విడిగా చూడలేకపోయారు. ధార పుట్టి, సాగి, వేగం తగ్గడాన్ని చిత్రాల్లో వరసగా చూపించిన ఘనత ఆర్ప్ 299 పనిదే.

పత్రంలో నాకు కాస్త వదులుగా తోచిన చోటు చీలిన నక్షత్రం బరువు. సూర్యుడికి రెండు రెట్లకు పైనే ఉండాలని వాళ్లు లెక్కగట్టారు. వెలువడిన మొత్తం శక్తి నుంచి వెనక్కి నడుచుకుంటూ వెళితే వచ్చే అంకె ఇది. పడిన పదార్థంలో ఎంత భాగం వెలుగుగా మారింది, ఎంత ధారలోకి పోయింది అన్న అంచనాలు మారితే ఇది కూడా మారుతుంది. కొలిచిన సంఖ్యలకూ ఇలా రాబట్టిన సంఖ్యకూ మధ్య తేడాను పాఠకుడు మనసులో ఉంచుకోవడం మంచిది. అయినా ఈ అంకె అసంభవమేమీ కాదు. సూర్యుడికన్నా బరువైన నక్షత్రాలు ఎక్కువకాలం బతకవు, కాబట్టి అవి ఇటీవల నక్షత్రాలు పుట్టిన చోటే దొరుకుతాయి. ఆర్ప్ 299 అలాంటి చోటే.

ఇంకో ప్రశ్న కూడా మిగులుతుంది. ఒక మామూలు గెలాక్సీలో నక్షత్రం ఇలా చీలడం పదివేల ఏళ్లకో లక్ష ఏళ్లకో ఒకసారి. అలాంటిది సూపర్‌నోవాల కోసం వెతుకుతున్న వాళ్ల ఒళ్లో వచ్చి పడటం కేవలం అదృష్టమేనా? 2017లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లైవ్ టాడ్‌హంటర్ బృందం ఢీకొంటున్న 15 గెలాక్సీలను చూసి, ఎఫ్01004-2237 అనే ఒకదాంట్లో ఇలాంటి మెరుపే జరిగిందని చెప్పింది. 15లో ఒకటి దొరికిందంటే, ఢీకొనే గెలాక్సీల్లో ఇది పది నుంచి వంద ఏళ్లకు ఒకసారి జరుగుతూ ఉండాలని వాళ్ల వాదన. ఆ గెలాక్సీ 2021లో మళ్లీ మెరిసింది. అది నక్షత్రం చీలడమా, వేరే ఏదైనా కారణమా అన్న చర్చ అలా మళ్లీ రాజుకుంది. ఒక్క మెరుపును పట్టుకుని లెక్కలు వేయడంలో ఉండే ప్రమాదం ఇదే. ఆర్ప్ 299 విషయంలో ధారను కళ్లారా చూశారు కాబట్టి ఆ బెడద లేదు.

చురుకైన గెలాక్సీల్లో 2018లో మరో వింత కనిపించింది. 1ఈఎస్ 1927+654 అనే గెలాక్సీ కేంద్రం మామూలు కాంతిలో భగ్గుమంది. ఆ తర్వాత నెలల్లో దాని ఎక్స్‌రేలు దాదాపు మాయమై, మళ్లీ వచ్చి మునుపటికన్నా ఎక్కువయ్యాయి. చీలిన నక్షత్రపు శిథిలాలు అక్కడున్న పళ్లెం మీద పడి లోపలి భాగాన్ని చెదరగొట్టి ఉంటాయని కొందరు అన్నారు. దానికి వేరే వివరణలూ వచ్చాయి. అక్కడ ఆర్ప్ 299లో లాగా వాలును పట్టించే ధార అప్పట్లో దొరకలేదు, అందుకే తీర్పు అంత సులువు కాలేదు.

ఆర్ప్ 299 చూపించిన దారి వృథా పోలేదు. ధూళి వేడిని చూసి మెరుపును కనిపెట్టే పద్ధతిని ఆకాశమంతటికీ వర్తింపజేశారు. వైజ్ అనే పరారుణ ఉపగ్రహం ఏడాదికి రెండుసార్లు చొప్పున మొత్తం ఆకాశాన్ని తడిమేది. 2024 ఆగస్టులో దాని పని ముగిసింది. అది దాచిపెట్టిన పాత చిత్రాల్లో వెతికి, ఎంఐటీ పరిశోధకులు 2023లో ఎన్‌జీసీ 7392 అనే గెలాక్సీలో 2014 నాటి మెరుపు ఒకటి బయటికి తీశారు. దూరం సుమారు 13.7 కోట్ల కాంతి సంవత్సరాలు, అంటే ఆర్ప్ 299 కన్నా దగ్గర. మామూలు కాంతిలో దాన్ని ఎవరూ గమనించలేదు. 2024 జనవరిలో అదే పద్ధతితో 18 ఘటనల జాబితా వచ్చింది.